సంఘ చరిత్రలో మన పెద్దలు
(కోడుమూరులో శతాబ్ది కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు క్రైస్తవులకు రాజకీయములతో ఎట్టి సంబంధమున్నదో చరిత్రకారులు చాలాకాలముగా వ్రాయుచున్నారు. వారు ఏమి వ్రాశారు, ఏమి విడిచారు అన్నది ఈ పూట ఆలోచింతము.

మొదట వ్రాసినవారు మిషనరీలు. ఒంగోలులో పనిచేసిన క్లౌ దొరగారి గ్రంథము 1914లో వెలువడినది. ధాత కరువు అనంతరం 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అందరూ ఎత్తి చెప్పేది ఆ సంఖ్యనే. అయితే అదే గ్రంథములో మరొక సంగతి ఉన్నది. నమ్మినవారికి మూడు నియమములు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహములను పూజింపరాదు. "ఆదివారం పనికి రాము" అని మాదిగ సోదరులు రెడ్డితోను కరణంతోను చెప్పిరి. అందుకు హింసలు పడిరి. ఆనాటి పల్లెలో అంతకంటె పెద్ద రాజకీయం ఏమున్నది?

తరువాతి చరిత్రకారులు చట్టసభలవైపు చూచిరి. 1919 చట్టము మద్రాసు రాజధానిలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినది. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు వాటిని వద్దన్నారు. ఓట్ల లెక్కకై సంఘము మరొక కులమైపోవునని ఆయన భయము. మన నంద్యాల ప్రాంతము కూడ ఆనాడు ఆయన అధ్యక్ష మండలములోనే ఉండెను. 2000లో సూసన్ హార్పర్ ఆయన జీవితమును విపులముగా వ్రాశారు. 2004లో చంద్ర మల్లంపల్లి ప్రొటెస్టెంటు నాయకులు, కతోలికులు ఈ విషయమున ఒకే దారి నడవలేదని చూపారు. 1992లో జాన్ వెబ్‌స్టర్ దళిత క్రైస్తవులనే తన చరిత్రకు నడుమ నిలిపారు.

ఇది పాత కథ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము బాప్తిస్మము పొందిన దళితునికి షెడ్యూల్డు కులపు హక్కు లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కు ఇచ్చిరి, మనకు ఇయ్యలేదు. మన రాష్ట్రములో బి.సి.-సి క్రింద ఒక్క శాతము మాత్రమే ఉన్నది. కాలేజీలో చేరబోవు ఒక బిడ్డ మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నా పేరు రిజిస్టరులో వ్రాయవద్దండి" అన్నప్పుడు మాకు నోట మాట రాలేదు. ఆ బిడ్డను తప్పు పట్టలేము. ఆనాడు ఆదివారపు పని మానిన తాత ఒక వెల చెల్లించాడు. ఈనాడు మనుమడు మరొక వెల చెల్లించుచున్నాడు.

చరిత్రకారులు దొరలను గూర్చి, బిషప్పులను గూర్చి, కౌన్సిలు సభ్యులను గూర్చి వ్రాశారు. మన అవ్వల, తాతల పేర్లు వారికి దొరకలేదు. ఎందుకనగా మనము వ్రాసి పెట్టలేదు. కనుక మా మనవి ఒక్కటే. మీ యింటిలో మొదట ఎవరు నమ్మిరి, ఎవరు అడ్డు చెప్పిరి, ఏ పని మానిరి, ఏమి కోల్పోయిరి అన్నది పెద్దలనడిగి ఒక కాగితముమీద వ్రాసి వచ్చే ఆదివారము తీసికొని రండి. రిజిస్టరు ప్రక్కన వాటిని భద్రపరచెదము. ఆమేన్.