ఓడ జాబితాలో కులం గడి
(విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అవ్వ చెప్పే మాటల్లో 'నేటాలుకు పోయినోడు' ఒకడుండేవాడు. మా ముత్తాతకు తాత వరస. చిత్తూరు దగ్గర మా ఊరే. అతని పేరు, వాళ్ల నాయన పేరు తప్ప ఇంకేమీ తెలీదు. మొదట ఊరి భూమి రికార్డులు తిరగేశాను. సెంటు భూమి లేనివాళ్ల పేర్లు అందులో ఎందుకుంటాయి? చివరికి కూలీల ఓడ జాబితాల్లో వెతకాల్సి వచ్చింది.

1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ఎక్కువమంది చెరకు తోటలకే. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. మనిషికో నంబరు, పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా.

మీలో ఎవరైనా ఇలా వెతకబోతే ఒక మాట. నేను ఏడాదిపాటు 'చిత్తూరు జిల్లా' అని వెతికాను. ఆ జిల్లా ఏర్పడిందే 1911లో! అంతకుముందు అది ఉత్తర ఆర్కాటు. ఇంటిపేరుకు గడే లేదు. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా ఉంటుంది. కంటితో చదవకండి, పైకి పలకండి.

అలా పలుకుతుంటేనే 1860ల నాటి ఒక పేజీలో మా ఊరు తగిలింది. తండ్రి పేరూ కలిసింది. కులం గడిలో మాత్రం 'పరయా' అని ఉంది. మేం మాలలం. మద్రాసులో రాసుకున్న గుమాస్తాకు తెలిసిన మాట అదే కాబోలు. ఇప్పటికీ నూటికి నూరుపాళ్లు అతనేనని అనను.

ఆ నంబరు తర్వాతి కాగితాల్లోనూ మనిషి వెంటే నడుస్తుంది. దాన్ని పట్టుకుని పోతే డర్బన్‌లో ఒక కుటుంబం తేలింది. ఇంటిపేరు నాయుడు. ఓడ దిగాక కులం పేరు మార్చుకున్నవాళ్లున్నారు. నాకది తప్పనిపించదు; తప్పించుకోగలిగినవాడు తప్పించుకున్నాడు.

ఆ ఇంటి పెద్దావిడ, "మనదే కులం?" అని అడుగుతూ రాశారు. కులం గడి కత్తిరించి ఫోటో పంపుదామా అని రెండు రోజులు తన్నుకులాడాను. చివరికి పేజీ మొత్తం పంపాను. మా మాలవాడ గురించీ రాశాను.

నాలుగు నెలలకు జవాబొచ్చింది. నాయుడు సంగతి ఎత్తలేదు. ఆ వాడ ఇంకా ఊరికి బయటే ఉందా అని మాత్రం అడిగారు. మధ్యలో సిమెంటు రోడ్డు వేశారు, కానీ బయటే ఉందని రాశాను.