నక్షత్ర గుచ్ఛములలో పల్సార్లు



నిర్మలమైన రాత్రి ధనూరాశి వైపు దుర్భిణితో చూచినచో మంచుబొట్టు వంటి మసక చుక్క యొకటి కానవచ్చును. అది ఒక్క నక్షత్రము కాదు; లక్షలాది నక్షత్రములు బంతివలె కూడియున్న గోళాకార గుచ్ఛము. పేరు ఎం-28. ఇట్టివి పాలపుంతలో నూట యేబదికి పైగా కలవు. వానిలో పెక్కింటి వయస్సు వేయికోట్ల సంవత్సరములకు పైబడినది.

పల్సారనగా నేమి? పెద్ద నక్షత్రము ఆయువు తీరి ప్రేలగా మిగిలిన గర్భము. సూర్యునికంటె బరువైనను, ఒక పట్టణమంత వెడల్పు మాత్రమే యుండును. అది తిరుగుచుండగా దాని రేడియో కిరణము దీపస్తంభపు వెలుగువలె భూమిని మాటిమాటికి తాకిపోవును. మొదటి పల్సారును 1967లో కేంబ్రిడ్జి విద్యార్థిని జోసెలిన్ బెల్ గుర్తించెను.

వయస్సుతో పల్సారు వేగము తగ్గి, కొన్ని కోట్ల సంవత్సరములకు మూగవోవును. ఆ లెక్కన వృద్ధ గుచ్ఛములలో దానికి చోటుండరాదు. కాని 1987లో ఎం-28లోనే ఒకటి దొరకెను. అది సెకండునకు 327 సార్లు తిరుగుచున్నది!

కారణము అచటి సమ్మర్దమే. ఆ గుంపులో మృతనక్షత్రమునకు తోడు దొరకును. ఆగిన కుమ్మరిసారెను కర్రతో మరల త్రిప్పినట్లు, తోటి నక్షత్రమునుండి వచ్చిపడు వాయువు దానిని వడిగా త్రిప్పును.

వీనిని కనుగొనుట సులభము కాదు. సంకేతము మిక్కిలి బలహీనము. తోటి నక్షత్రము చుట్టు తిరుగుటచే స్పందనల యెడము మారుచుండును. గణనయంత్రము వేలకొలది లెక్కలు వేసి, ఆ మార్పును సవరించి వెదకవలెను. ఒక గుచ్ఛములో ఒకటి దొరికినచో, దారిలో ఆ తరంగములకు కలుగు ఆలస్యము తెలియును గనుక తక్కినవి కొంత సులభముగా దొరకును. నేటికి గుచ్ఛములలో మూడువందలకు పైగా తెలియవచ్చినవి.

ఈ వెదకులాటలో భారతదేశమునకును భాగము కలదు. పూనా సమీపమున ఖోడద్ వద్ద 45 మీటర్ల వ్యాసముగల 30 రేడియో దూరదర్శినులున్నవి. 2004లో వానితో ఎన్.జి.సి. 1851 అను గుచ్ఛమున తొలి పల్సారు దొరకెను. అది కోలగా సాగిన కక్ష్యలో సుమారు 19 దినముల కొకసారి తోటివానిని చుట్టి వచ్చును. దానిని మొదట త్రిప్పిన తోడు వేరొకటియనియు, సమ్మర్దమున తోడు మారినదనియు శాస్త్రజ్ఞుల ఊహ.

తరువాత దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ దూరదర్శినులతో అచటనే మరికొన్ని దొరకెను. వానిలో ఒకదాని తోటివాని బరువు సూర్యునికి 2.09 మొదలు 2.71 రెట్ల వరకు ఉండునని 2024లో ప్రకటించిరి. అది అతిభారమైన న్యూట్రాన్ నక్షత్రమా? అతితేలికయైన కృష్ణబిలమా? ఇంకను తేలలేదు. ఈ గ్రంథాలయపు బల్లకడ చదువుచున్న బాలబాలికలకు ఆ ప్రశ్న మిగిలియే యున్నది.