సైనిక శిక్షణకు వెళ్ళే కుమార్తెకు

పెండ్లి చేసి అత్తవారింటికి పంపేటప్పుడు కుమార్తెకు చెప్పవలసిన బుద్ధులు మన పెద్దలకు కంఠతా వచ్చు. చదువుకై పట్నంలోని హాస్టలుకు పంపేటప్పుడు చెప్పవలసినవి కూడా రెండు మూడు తరాలుగా మనకు అలవాటైనవి. కాని సైనిక శిక్షణకై రైలెక్కే కుమార్తెకు ఏమి చెప్పి పంపాలి? ఈ ప్రశ్న మన ఇండ్లకు కొత్తది. అమ్మమ్మలను అడిగి తెలుసుకొందామంటే వారి అనుభవంలో దీనికి జవాబు లేదు. అందుచేత ఈ విషయాన్ని కొంత నిదానంగా ఆలోచించుకోవడం అవసరం.

స్త్రీలు సైన్యంలో చేరడం పూర్తిగా నేటి మాట కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, మన దేశంలో మహిళా సహాయక దళం ఒకటి ఏర్పడి, యుద్ధానంతరం రద్దయినది. సైనిక వైద్యశాలలలో నర్సులుగా, డాక్టర్లుగా స్త్రీలు బహుకాలం నుంచి పనిచేస్తున్నారు. తిరుపతిలో జన్మించిన పద్మావతీ బందోపాధ్యాయ డాక్టరుగా వైమానిక దళంలో చేరి, అందులో ఎయిర్ మార్షల్ హోదా నందుకొన్న మొదటి మహిళ అయినారు. 1992 నుంచి వైద్యేతర శాఖలలో కూడా స్త్రీలను అధికారులుగా తీసుకొనడం మొదలైనది. 2016లో హైదరాబాదు సమీపాన దుండిగల్ వైమానిక దళ అకాడమీలో ముగ్గురు యువతులు యుద్ధవిమాన శాఖలో అధికారులుగా నియమితులైనారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప నౌకలో బయలుదేరి, 2018 మేలో భూప్రదక్షిణం ముగించి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణులలో విశాఖపట్నపు బిడ్డ ఒకరు, హైదరాబాదు బిడ్డ ఒకరు ఉన్నారు.

వీరందరూ అధికారులు. సామాన్య కుటుంబపు పిల్ల, పదవ తరగతో ఇంటర్మీడియటో చదివిన పిల్ల, సిపాయి వరుసలో నిలబడే అవకాశం మాత్రం ఇటీవలనే వచ్చినది. 2021 మే నెలలో బెంగుళూరులోని సైనిక పోలీసు కేంద్రంలో 83 మంది యువతుల తొలి బృందం 61 వారాల శిక్షణ ముగించుకొన్నది. 2023 మార్చిలో మన ఇచ్ఛాపురానికి ఎగువన, ఒడిశాలోని చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న నౌకాదళ శిక్షణ కేంద్రం నుంచి, అగ్నివీరుల తొలి బృందంతో పాటు 270 మందికి పైగా ఆడపిల్లలు శిక్షణ ముగించి వెలువడినారు. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో 2022లో చేరిన 17 మంది యువతులు 2025 మే నెలలో పట్టభద్రులైనారు. కాబట్టి నేడు శ్రీకాకుళం పల్లెలోనో, పాలమూరు పల్లెలోనో తెల్లవారు జామున రోడ్డు వెంట పరుగెత్తుతున్న అమ్మాయిని చూచి ఎవరూ నవ్వనక్కరలేదు. ఆమె ఒక గమ్యం పెట్టుకొనే పరుగెత్తుతున్నది.

ఆ అమ్మాయికి మన ఇండ్లలో పుట్టిననాటి నుంచి నూరిపోసిన పాఠం ఒకటున్నది. అది ఓర్పు. “ఓర్చినమ్మకు తేటనీరు” అన్నారు. చెలమలో అందరికంటె ముందు కడవ ముంచిన వారికి బురదనీరు, నీరు తేరేదాకా నిలిచిన వారికి మంచినీరు దొరుకుతుందని దాని భావం. ఇది మంచి సామెత. సైనిక శిక్షణకు వెళ్ళే పిల్లకు ఈ గుణం నిస్సందేహంగా పెట్టుబడి. కాని సామెతలో చెప్పిన ఓర్పు నీరు తేరేవరకు ఆగడం. విరుగుతున్న ఎముకను దాచుకొనడం కాదు. ఈ రెండింటికీ గల భేదాన్ని మన ఆడపిల్లలకు మనం చెప్పలేదు. కడుపునొప్పి వస్తే చెప్పకుండా పని చేసుకొన్న పిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకొన్నాము. ఆ మెప్పు శిక్షణ మైదానంలో ప్రమాదకారి కాగలదు. కాబట్టి వెళ్ళే పిల్లకు చెప్పవలసిన ముఖ్యమైన మాట, ఓర్చుకోవలసినది ఏది, ఓర్చుకోరానిది ఏది అన్నదే.

ముందుగా ఓర్చుకోవలసినవి చెప్పుకొందాము. తెల్లవారక మునుపే లేవడం, గడియారం ముల్లును బట్టి స్నానం, భోజనం, నిద్ర, పదిమందితో ఒకే గదిలో ఉండడం, పక్కబట్ట మడత చెదిరితే మాటపడడం, ఇవన్నీ ఓర్చుకోవలసినవే. శిక్షకుని కేక కూడా అట్టిదే. ఆ కేక నీ మీద కోపంతో వేసినది కాదు. అలసటలోనూ, గందరగోళంలోనూ ఆజ్ఞ చెవిన పడి కాలు కదిలేటట్లు చేయడానికి వేసినది. ఒకరు చేసిన తప్పుకు వరుస మొత్తం మరొకసారి పరుగెత్తవలసి రావచ్చు. అది అన్యాయంగా తోస్తుంది. కాని ఒకరి అజాగ్రత్త అందరి ప్రాణాల మీదికి తెచ్చే వృత్తిలో ఆ పాఠం ముందుగానే నేర్పుతారు. ఇంటి మీద బెంగ తొలి రెండు మూడు వారాలలో దాదాపు అందరికీ ఉంటుంది. పక్కమంచం పిల్ల కూడా దుప్పటి ముసుగులో ఏడుస్తున్నదని తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

భాష మరొక ఇబ్బంది. కవాతు ఆజ్ఞలు హిందీలో ఉంటాయి. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, తేజ్ చల్, థమ్. ఈ మాటలు ఇంటి దగ్గరనే చెవికి అలవాటు చేసుకొని వెళ్ళిన పిల్ల తొలి వారంలో పదిమందిలో చిన్నబోదు. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినవారికి ఇవి ముందే వచ్చి ఉంటాయి. అంకెలు, వారాల పేర్లు, శరీరంలో ఏ భాగాన్ని ఏమంటారో ఆ పేర్లు కూడా హిందీలో నేర్చుకొనడం మంచిది. నొప్పి ఎక్కడ ఉన్నదో చెప్పడానికి మాట రాక ఊరకుండే పరిస్థితి రాకూడదు. నౌకాదళానికి వెళ్ళే పిల్ల వీలుంటే ముందుగానే ఈత నేర్చుకోవాలి. మెట్ట ప్రాంతపు పిల్లలకు చెరువంటే భయం సహజం. ఆ భయాన్ని తెలిసిన చోట, తెలిసినవారి ఎదుట పోగొట్టుకొనడం సులువు.

ఇక శరీరం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏండ్ల మధ్య వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు దేశంలో నూటికి 57 మంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఇది జాతీయ సగటు కంటె కొంచెం ఎక్కువే. రక్తం తక్కువగా ఉన్న పిల్ల పరుగులో వెనుకబడితే సోమరితనమని అందరూ అనుకొంటారు. ఆమె కూడా అట్లే అనుకొంటుంది. నిజానికి ఆమె కండరాలకు ప్రాణవాయువు చాలడం లేదు. కాబట్టి ఎంపిక పరీక్షకు కొన్ని నెలల ముందే రక్తపరీక్ష చేయించాలి. హీమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువగా ఉంటే డాక్టరు సలహా తీసుకోవాలి. గోంగూర, తోటకూర, గుడ్లు, మాంసం తినేవారైతే కాలేయం, వీటిలో ఇనుము ఉన్నది. ఆకుకూర తిన్నపుడు నిమ్మరసం పిండుకొంటే ఆ ఇనుము మరింతగా ఒంటబడుతుంది. భోజనంతో పాటే కాఫీ టీలు తాగితే అది తగ్గుతుంది. రాగిసంకటి, నువ్వులు, పాలు, పెరుగు ఎముకకు కావలసిన సున్నం ఇస్తాయి. ఎండ తగలడం కూడా అవసరం.

మన ఇండ్లలో మరొక దురాచారం ఉన్నది. ఆడపిల్ల అందరూ తిన్న తర్వాత మిగిలినది తింటుంది. శిక్షణలో ఈ అలవాటు పనికిరాదు. అక్కడ శరీరం రోజూ చేసే ఖర్చుకు తగిన తిండి పడకపోతే ముందు నీరసం, తర్వాత నెలసరి తప్పడం, ఆ తర్వాత ఎముక బలహీనపడడం, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. శిక్షణ శ్రమలో నెలసరి నెలల తరబడి ఆగిపోతే అది సౌకర్యమని సంతోషించే పిల్లలు ఉన్నారు. అది సౌకర్యం కాదు, శరీరం ఇచ్చే హెచ్చరిక. డాక్టరుకు చెప్పవలసినది. భోజనశాలలో రెండవసారి వడ్డించమని అడగడానికి సిగ్గుపడరాదు. అడగనిదే అమ్మయినా పెట్టదు గదా!

ఇప్పుడు ఓర్చుకోరాని దానికి వచ్చినాము. ఎముక జీవమున్న వస్తువు. దాని మీద కొత్త భారం పడినపుడు అది తనను తాను మరల కట్టుకొంటుంది. అయితే ముందు పాతభాగాన్ని తొలగించుకొని, ఆ తరువాతనే కొత్తభాగాన్ని నింపుకొంటుంది. పాత గోడ పడగొట్టి కొత్తగోడ లేపుతున్న ఇంటివలె, మధ్యలో కొన్ని వారాలు అది బలహీనంగా ఉంటుంది. అలవాటులేని పరుగు, కవాతు, మూట మోయడం ఒక్కసారిగా మీదపడితే ఆ సమయంలో ఎముకలో సన్నని చీలిక ఏర్పడవచ్చు. పిక్క ముందుండే ఎముక, పాదపు ఎముకలు, తుంటి, కటి ప్రదేశం దీనికి ముఖ్య స్థానాలు. సైనిక శిక్షణలో ఈ చీలికలు యువకులలో కంటె యువతులలో ఎక్కువగా వస్తాయని అనేక దేశాల అనుభవం. పొడవైన వారి అడుగుతో అడుగు కలపడానికి పొట్టి పిల్ల కాలు సాగదీసి నడవడం కూడా ఒక కారణం. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అమెరికా నౌకాదళంలో కొత్తగా చేరిన 5,201 మంది యువతులలో కొందరికి కాల్షియం, విటమిన్ డి కలిపి ఇవ్వగా, వారిలో ఇట్టి చీలికలు ఇవ్వనివారిలో కంటె సుమారు అయిదవవంతు తగ్గినవి. తిండిలో జాగ్రత్త ఎంత పనిచేస్తుందో దీనివల్ల తెలుస్తున్నది. అయితే మాత్రలు మాత్రం డాక్టరు చెప్పనిదే వేసుకోరాదు.

కండరాల నొప్పికీ, ఈ నొప్పికీ భేదం ఎట్లా తెలుస్తుంది? సాధారణమైన శ్రమనొప్పి రెండు కాళ్ళలోనూ పరచుకొని ఉంటుంది, కదిలినకొద్దీ సడలుతుంది, రెండు మూడు రోజులలో తగ్గుతుంది. ఎముక నొప్పి ఒకేచోట, వేలుపెట్టి చూపగలిగినట్లు ఉంటుంది. నొక్కితే ప్రాణం లాగుతుంది. మొదట పరుగులో వచ్చి విశ్రాంతిలో పోతుంది, తర్వాత నడకలోనూ, చివరకు పడుకొన్నపుడు కూడా ఉంటుంది. గజ్జలో నొప్పి వచ్చి కుంటుతున్నదంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. తుంటి దగ్గరి చీలిక పూర్తిగా విరిగితే శస్త్రచికిత్సకు దారితీయవచ్చు. తొలిదశలోనే చెప్పిన పిల్లకు చాలా సందర్భాలలో కొన్ని వారాల విశ్రాంతితో ఎముక అతుకుతుంది.

ఐనా పిల్లలు చెప్పరు. చెబితే తన బృందం నుంచి విడదీసి తరువాతి బృందంలో కలుపుతారని భయం. ఆడపిల్ల గనుక సాకు చెబుతున్నదని అంటారేమోనని అంతకంటె పెద్ద భయం. ఆ భయాన్ని తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. అందుకే ఇంటివారి మాట ముందుగానే ఆమె చెవిలో ఉండాలి. “అమ్మాయీ, రెండు నెలలు వెనుకబడితే మాకు నామోషీ లేదు. నీ తోటివారు వెళ్ళిపోయినా ఫరవాలేదు. నీ కాలు నీకుంటే కొలువు నీకుంటుంది” అని తండ్రే స్వయంగా చెప్పాలి. గాయాన్ని సకాలంలో తెలపడం సిపాయి కర్తవ్యాలలో ఒకటి. పగిలిన చక్రం సంగతి దాచిన బండివాడు బండిలోని వారందరికీ ద్రోహం చేసినవాడే.

ఓర్చుకోరానిది ఇంకొకటి ఉన్నది. కఠినమైన శిక్షణ వేరు, మర్యాద తప్పిన ప్రవర్తన వేరు. కేకను సహించవచ్చు, కాని చేతిని, వెకిలిమాటను, ఒంటరిగా రమ్మనే పిలుపును సహించనక్కరలేదు. అట్టివి జరిగినప్పుడు తేదీ, వేళ, చోటు వ్రాసిపెట్టుకొని పై అధికారికి తెలపాలి. ఇంటికీ తెలపాలి. అప్పుడు “నీవేమి చేసినావు?” అనే ప్రశ్న మన నోట రాకూడదు.

ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే నడక, నడకలో పరుగు, ఆ తరువాత పరుగు, ఇలా కొద్దికొద్దిగా పెంచుకొంటూ వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఎంపికకు పరుగెత్తవలసిన 1.6 కిలోమీటర్లు పది రోజులలో సాధిద్దామనుకొనడం ప్రమాదం. కొత్త బూట్లు మొదటిసారి మైదానంలో తొడగక, ఇంటి దగ్గరనే రోజూ కొంతసేపు తొడిగి మెత్తబరచుకోవాలి. గోళ్ళు పొట్టిగా, అడ్డంగా కత్తిరించుకోవాలి. చెమటపట్టిన మేజోళ్ళు వెంటనే మార్చుకోవాలి. నెలసరికి కావలసినవి రెండు నెలలకు సరిపడా పెట్టెలో ఉండాలి. దాహం వేసేదాకా ఆగక నీరు తాగుతుండాలి. ఎండలో తల తిరిగి, మాట తడబడితే వరుసలో పడిపోయేదాకా నిలబడడం శౌర్యం కాదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. శిక్షణ కేంద్రంలో ఫోను మాట్లాడే అవకాశం కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపూ మనం ఏడ్చి పిల్లను ఏడిపించడం తగదు. రెండవ వారంలో “నన్ను తీసుకొనిపోండి” అని ఆమె అంటే వెంటనే రమ్మనవద్దు, కసురుకొనవద్దు. ఏమి జరిగినదో వినండి. అది బెంగ అయితే మరొక ఆదివారం దాకా ఆగమనండి. నీరు తేరుతుంది. అది నొప్పి అయితే ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి. ఇన్నాళ్ళూ మనం దూరాననున్న ఆడపిల్లను “ఓర్చుకొంటున్నావా తల్లీ?” అని అడుగుతూ వచ్చినాము. ఇకమీదట “కడుపునిండా తింటున్నావా? ఎక్కడైనా నొప్పిగా ఉన్నదా? ఎవరికైనా చెప్పినావా?” అని అడగడం నేర్చుకొందాము.