పులిగోరు పతకం



మన ఉండి చుట్టుపక్కల పులి తిరిగే అడవి ఎక్కడుంది? ఎటు చూసినా వరిచేలు, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. అయినా పులిగోరు మన ఇళ్ళకు కొత్త వస్తువేమీ కాదు. పసివాడికి దిష్టి తగలకూడదనీ, నిద్రలో ఉలిక్కిపడకూడదనీ రెండు గోళ్ళకు బంగారం కట్టించి మెడలో వేయడం పెద్దలనాటి ముచ్చట.

చిన్న లెక్క చూడండి. పులికి ముందు పాదాలకు అయిదేసి, వెనుక పాదాలకు నాలుగేసి, మొత్తం 18 గోళ్ళు. ఒక ప్రాణానికి తొమ్మిది పతకాలన్నమాట! బజారులో దొరికేవి చాలావరకు పశువుల కొమ్ముతో చెక్కిన నకిలీలే. నకిలీ అయితే నష్టమేమిటంటారా? దాన్ని చూసి ముచ్చటపడినవారే "అసలుది దొరుకుతుందా?" అని కంసాలిని అడుగుతారు. ఆ మాట చేతులు మారి నల్లమల దాకా పోతుంది.

అక్కడి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. 2014 తరువాత కృష్ణకు ఉత్తరాన వున్న భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణలో వుంది. మన వైపే మూడువేల చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి. కాపలా అంటే జీపులూ తుపాకులూ అనుకునేరు! అడవిలోపల చిన్న శిబిరాల్లో వుంటూ కాలినడకన తిరిగేవారిలో చెంచులు ఎందరో వున్నారు. అడుగుజాడ చూసి పులి ఎటు వెళ్ళిందో చెబుతారు, పొదల్లో పన్నిన ఉచ్చును పసిగడతారు. ఉచ్చంటే సైకిలు బ్రేకు తీగెలాంటిది, ఖర్చెంత? అడవిపందికని పన్నినా పులీ పడుతుంది. దాన్ని వెతికి తీయాలంటే మాత్రం మనిషి నడవాలి. ఆ మనిషి కూలిడబ్బు కేంద్రం నుంచీ రాష్ట్రం నుంచీ రావాలి. అది ఆలస్యమైతే అతని ఇంట్లో పొయ్యి సంగతేమిటో, ఇల్లు నడిపే మనకు వేరే చెప్పాలా?

ఆఫ్రికా అభయారణ్యాల్లోనూ ఇదే అవస్థ. 1979లో 13 లక్షలని అంచనా వేసిన ఏనుగులు పదేళ్ళలో సుమారు ఆరు లక్షలకు దిగిపోయాయి. 1989 జులైలో కెన్యా ప్రభుత్వం 12 టన్నుల దంతాన్ని బహిరంగంగా తగులబెట్టింది. అంత ఖరీదైన సరుకును బుగ్గి చేయడమేమిటని ముక్కున వేలేసుకున్నవారున్నారు. నాకు మాత్రం అది సబబే అనిపిస్తుంది. కొనేవాళ్ళు వున్నంతకాలం ఎంతమంది కాపలా వుండీ ఏం లాభం? ఆ ఏడాదే దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధిస్తూ దేశాలు తీర్మానించాయి.

ఇక బీరువాలో పాత పతకం వున్నవారి సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ధ్రువపత్రం లేకుండా అది దగ్గర వుంచుకోవడమే నేరం. వున్నవి చెప్పుకోవడానికి 2003లో 180 రోజుల గడువిచ్చారు, అదీ దాటిపోయింది. పత్రమున్నా అమ్మకూడదు. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు జైలు, పైన కనీసం 25 వేల రూపాయల జరిమానా. కాబట్టి దాన్ని కంసాలి దగ్గరకు తీసుకుపోకండి, తెలిసిన వకీలును అడిగి అటవీశాఖవారికి అప్పగించండి. మనుమడికి బారసాలనాడు ఏం పెట్టాలా అంటారా, వెండి మొలతాడు, మురుగులు ఎప్పుడూ వున్నవేగా!