దూడ వంతు, చేప వంతు
(ఆలూర్ పాల ఉత్పత్తిదారుల సమావేశంలో ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో చేపల మాట ఎందుకని మీరు అనుకోవచ్చు. మన పశువులు తాగే నీటిలోనే మత్స్యకారుల బ్రతుకు కూడా ఉన్నది. అందుకే మేము ఈ మాట ఎత్తుతున్నాము.

సముద్రం మనకు దూరం. గోదావరిపై పోచంపాడు వద్ద కట్టిన శ్రీరాంసాగరే మన సముద్రం. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఈ జలాశయం మొదట 112 టి.ఎం.సి.ల నీరు పట్టేది. పూడిక చేరి 1994 సర్వే నాటికే అది సుమారు 90కి తగ్గింది. నీరు తగ్గితే పసుపు పంటకు, పశువుకు, చేపకు ముగ్గురికీ నష్టమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు పోరాదని నియమం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. మన బొచ్చె, రోహు చేపలు వానాకాలం వరద నీటిలో గుడ్లు పెడతాయి. అప్పుడు సన్నకన్ను వలతో పిల్లలను ఊడ్చటమంటే, దూడకు చుక్క మిగల్చక పాలు పిండుకొన్నట్లే.

మన వంతు కూడా ఉన్నది. పురుగుమందు డబ్బాలు చెరువులో కడగరాదు. ఎండాకాలంలో చెరువు నీరు అడుగంటా తోడకముందే మత్స్యకార సంఘం వారితో కూర్చుని మాట్లాడాలి. పశువులకెంత, పొలానికెంత, చేపలకెంత అన్నది అందరూ కలసి తేల్చుకోవాలి. వారూ మనవలెనే సహకార సంఘస్థులు.

పాలు అందరి ఎదుటే కొలుస్తున్నాము. నీటినీ అట్లే కొలుచుకొందాము.