చవక పిస్తోలు పెన్షనరుకు పనికివస్తుందా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డిసెంబరు 17న మనమంతా 1982 నాటి నకారా తీర్పును తలుచుకుని దండలు వేసుకుంటాం. డి.ఎ. బకాయిల గురించి నాకంటె బాగా మాట్లాడేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు కనుక, కార్యదర్శి గారి అనుమతితో నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. ఈ మధ్య మన సంఘ కార్యాలయంలో బెంచీ మీద కూర్చుంటే నలుగురైదుగురు వేరువేరుగా ఒకే ప్రశ్న అడిగారు: "ఏవండీ, మీరు కలెక్టరాఫీసులో మేజిస్టీరియల్ సెక్షన్ చూశారు కదా, ఇంట్లో ఒక చిన్న పిస్తోలు కొనుక్కుంటే ఎలా ఉంటుందంటారు?"

అడగడానికి కారణం ఉంది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, టెక్సాస్‌లోనో ఉన్నారు. పెద్ద పెంకుటింట్లో ముసలి దంపతులిద్దరే మిగిలారు. పక్క వీధిలో తాళం పగలగొట్టారని పేపర్లో పడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. అమెరికా అబ్బాయి ఫోనులో, "ఇక్కడ పాయింట్ ట్వంటీటూ పిస్తోలు రెండు మూడు వందల డాలర్లకి దొరుకుతుంది నాన్నా, తూటాలు కూడా చవక, అక్కడ కూడా ఒకటి తీసుకోండి" అంటాడు. ఆ మాట తండ్రి చెవిలో పడి కూర్చుంటుంది.

ముందు ఆ వస్తువేమిటో చెబుతాను. .22 తూటాను రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తూటాలకు అడుగున నడి మధ్య చిన్న టోపీలాంటి మందు బిళ్ళ ఉంటుంది. దీనికి అది ఉండదు. ఇత్తడి గొట్టం అడుగు అంచు మడతలోనే మందు పూసి ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచును కొడితే అంటుకుంటుంది. దీపావళికి పిల్లలు కాల్చే పొట్టాసు బిళ్ళ చూశారు కదా, మందు చుక్క మీద దెబ్బ పడితేనే పేలుతుంది, పక్కన పడితే పేలదు. ఇదీ అంతే. అంచు చుట్టూ మందు సమంగా పరుచుకోకపోతే, దెబ్బ తగిలిన చోట మందు లేకపోతే, తూటా మొరాయిస్తుంది. ఈ రోజుల్లో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటి అమెరికా సరుకు. గుండు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు.

చిన్న తూటా కాబట్టి చవక, చప్పుడు తక్కువ, చేతికి దెబ్బ తక్కువ. నేర్చుకునేవాడికి ఇంతకంటె మంచిది లేదు. కాని సెమీ ఆటోమేటిక్ పిస్తోలు తన తూటా బలంతోనే పై భాగాన్ని వెనక్కి నెట్టుకుని, ఖాళీ గొట్టాన్ని విసిరేసి, కొత్త తూటాను లోపలికి తెచ్చుకోవాలి. తూటాకే బలం తక్కువైతే ఆ పని సరిగ్గా జరగదు. కొంచెం మడ్డి చేరినా, తూటా రకం మారినా మధ్యలో ఇరుక్కుంటుంది. చవక రకాలు కొన్నింటిలో పై భాగాన్ని ఉక్కుతో కాక జింకు మిశ్రమంతో పోత పోస్తారు. అమెరికాలో వాటిని కొనేవారు ఆదివారం పూట డబ్బాలు పేర్చుకుని కాల్చడానికి కొంటారు. ఆ సరదాకు పెట్టిన డబ్బు దండగ కాదనే నా అభిప్రాయం. రివాల్వరులో ఒక తూటా పేలకపోతే మళ్ళీ మీట నొక్కితే పక్క తూటా ముందుకు వస్తుంది. పిస్తోలులో అయితే పై భాగాన్ని చేత్తో వెనక్కి గుంజాలి. అర్ధరాత్రి, కళ్ళజోడు ఎక్కడ పెట్టామో తెలియని వేళ, కీళ్ళనొప్పుల వేళ్ళతో!

ఇక మన దేశం సంగతి. 1878 నాటి ఆయుధాల చట్టంలో తెల్లవారికి మినహాయింపులు, మనకు లైసెన్సులు. ఆ పరిస్థితిలోనే మన మన్యంలో అల్లూరి సీతారామరాజు గారు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోవలసి వచ్చింది. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు, 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నవి 2016 నియమాలు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాల బదులు రెండే అన్నారు, లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి అయిదేళ్ళు చేశారు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే శిక్ష కనీసం రెండేళ్ళు, అయిదేళ్ళ దాకా పోవచ్చు. గడువు తీరిన లైసెన్సు కూడా లేని లైసెన్సే. బీహారులో ముంగేరు వైపు నుంచి వచ్చే దొంగ పిస్తోళ్ళ మాట నేను ఎత్తను. చవక అన్న మాట వాటికే సరిపోతుంది, జైలు మాట కూడా వాటికే సరిపోతుంది.

మన దుకాణాల్లో అమెరికా తరహా చవక .22 పిస్తోలు అడిగితే నవ్వుతారు. మామూలు మనుషులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం 1980ల మధ్య నుంచి ఆగిపోయింది. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు మాత్రమే కేంద్రం అనుమతి ఇస్తుంది. అందుకే తాతల నాటి విదేశీ పిస్తోళ్ళు చేతులు మారినప్పుడు లక్షలు పలుకుతాయి. ప్రభుత్వ ఫ్యాక్టరీలలో కాన్పూరు వారు 2014లో 'నిర్భీక్' అని అరకేజీ బరువున్న .32 రివాల్వరు ఆడవారి కోసమని తెచ్చారు. పన్నులతో కలిపి ధర 1,22,360 రూపాయలు. ఈ ధరకు కొనగలిగే ఆడపిల్లకు వాచ్‌మన్ కూడా ఉంటాడని అప్పట్లో మా ఆవిడ అంది. తరువాత ఇషాపూర్ వారు 'నిడర్' అని పావు కేజీ .22 రివాల్వరు తెచ్చారు. తొలి ధర సుమారు 35 వేలు. మన ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఇదే. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల బోర్డు రద్దయి ఏడు కంపెనీలు అయ్యాయి కనుక, ఇప్పటి ధరలు డీలరునే అడగాలి.

వస్తువు ధర మొదటి మెట్టు మాత్రమే. దరఖాస్తు, పోలీసు విచారణ, శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్టు, శరీరం మనసు బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్టు, భద్రంగా ఉంచుతానని హామీ పత్రం, ఇవన్నీ ఉండాలి. "నాకు ప్రాణభయం ఉంది" అని రాస్తే చాలదు, ఎవరి నుంచి, ఎందుకు అని అడుగుతారు. నా టేబుల్ మీదికి వచ్చిన దరఖాస్తుల్లో సగం పైగా పరపతి కోసం పెట్టినవే. నడుముకు తోలు సంచి కట్టుకుని పెళ్ళిళ్ళలో తిరగాలని! ఆ మోజున్న వారెవరూ ఎన్నికల మాట తలుచుకోరు. ఎన్నికల ప్రకటన వస్తే ఆయుధం ఠాణాలో అప్పగించి రశీదు తెచ్చుకోవాలి, అయ్యాక మళ్ళీ తిరగాలి. మనకు అసెంబ్లీ, పంచాయతీ, మునిసిపాలిటీ అని ఎప్పుడూ ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో ఆ వరుసలో నిలబడిన పెద్దలను నేను చూశాను.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. నేను రిటైరైన మూడేళ్ళకు, 2011లో, నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో పెద్దాయన పోయారు. వారి తండ్రిగారి కాలం నాటి చిన్న విదేశీ పిస్తోలు, .22 రకమే, ఆయన లైసెన్సు మీద ఉంది. చివరి రెండేళ్ళు మంచం మీదే ఉన్నారు. రెన్యువల్ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆవిడకు ఆ వస్తువు ఉందన్న సంగతి తెలుసు గాని ఎక్కడుందో తెలియదు. పదోరోజు నాడు బీరువాలో పట్టుపంచె కోసం వెతుకుతుంటే పంచె మడతలోంచి అది బయటపడింది. తొమ్మిదేళ్ళ మనవడు పక్కనే ఉన్నాడు. తూటాల పెట్టె విడిగా కాగితంలో చుట్టి ఉంది కనుక ఖాళీదే అనుకుని, "ఏం కాదులే" అని వాడి చేతిలో పెట్టారు. వాడు దాన్ని వసారాలో చెల్లెలికి చూపిస్తున్నాడు. అప్పుడే కాకినాడ నుంచి వచ్చిన మేనల్లుడు, ఎన్.సి.సి.లో పనిచేసినవాడు, దాన్ని మెల్లిగా చేతిలోంచి తీసుకుని పై భాగం వెనక్కి లాగాడు. లోపలి నుంచి ఒక తూటా టప్పున నేల మీద పడింది.

సెమీ ఆటోమేటిక్ పిస్తోలుతో ఉన్న చిక్కు ఇదే. తూటాల పెట్టె తీసేసినా గొట్టం మొదట్లో ఒక తూటా ఉండిపోవచ్చు. పైకి ఏమీ కనబడదు. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఆ తూటా! మన తేమకు చెడిపోయి ఉంటుందని అప్పుడొకరు అన్నారు. ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆవిడ మాత్రం ఆ తూటాను చూసి గోడకు చేరగిలబడి చాలాసేపు లేవలేదు. భర్త పోయిన రోజున కూడా అంతలా వణకలేదని వాళ్ళ అమ్మాయి నాతో చెప్పింది.

అర్జీ నేనే రాసి పెట్టాను. చట్టంలో 21వ సెక్షన్ ఉంది. లైసెన్సు గడువు తీరినా, మరే కారణంగా ఆయుధం దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధమైనా, అనవసరపు ఆలస్యం లేకుండా దగ్గరి ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. అక్కడి అధికారి మంచివారు కనుక పెద్దాయన మరణ ధృవీకరణ పత్రం చూసి రశీదు ఇచ్చారు. ఆ తరువాత వారసుల సంతకాలు, అమ్మకానికి అనుమతి, ఇలా ఏడాదిన్నర నడిచింది. మైలబట్టలతో మొదలుపెట్టిన తిరుగుడు సంవత్సరీకాలు అయ్యాక గాని తెమలలేదు.

మనకు డెబ్బై దాటితే అదనపు పెన్షను వస్తుందని అందరికీ తెలుసు. ఆయుధాల నియమాల్లో కూడా డెబ్బై అన్న మాట ఉందని చాలామందికి తెలియదు. 2016 నియమాల్లో 25వ నియమం చూడండి. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, లేక ఆయుధం 25 ఏళ్ళు దగ్గరున్నా, బతికుండగానే తన వారసుల్లో ఒకరిని పేర్కొని, వారి పేర లైసెన్సుకు దరఖాస్తు చేయించవచ్చు. వారసుడు అర్హుడై ఉండాలి, అతని మీదా విచారణ జరుగుతుంది. మనలో పాత డబుల్ బారెల్, సింగిల్ బారెల్ తుపాకులు ఉన్నవారు ఉన్నారని నాకు తెలుసు. లంక భూముల్లో అడవి పందుల కోసమని తీసుకున్నవి కొన్ని, తాతల గుర్తుగా అటక మీద ఉన్నవి కొన్ని. మీ లైసెన్సు మీద యు.ఐ.ఎన్. నంబరు ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో ఇంటికి వెళ్ళగానే చూసుకోండి. అది ఎక్కడ ఉందో మీ ఆవిడకు చెప్పండి.

ఒక మిత్రుడు, "ఆయ్, ఊరికి దూరంగా తోటలో ఇల్లున్నవాడి గతేంటండీ?" అని వాదించారు. న్యాయమైన ప్రశ్నే. అటువంటివారికి, నిజమైన భయం ఉన్నవారికి, చట్టం కూడా 13వ సెక్షన్‌లో 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న సాదా తుపాకికి దారి పెట్టింది. శిక్షణ పొంది, ఉక్కు పెట్టెలో పెట్టుకోగలవారు ఆలోచించుకోవచ్చు. కాని నలుగురు మనుషులు తిరిగే వీధిలో, మనవలు వచ్చిపోయే ఇంట్లో, మతిమరుపు మొదలైన వయసులో, .22 బోరు చిన్న పిస్తోలు కోసం 35 వేలో లక్షో పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ డబ్బుతో వీధి తలుపుకు ఇనుప గ్రిల్లు, రెండు కెమెరాలు, వసారాలో రాత్రంతా వెలిగే దీపం వస్తాయి. ఊరెళ్ళేటప్పుడు ఠాణాలో చెప్పి వెళ్ళండి. తాళం వేసిన ఇళ్ళ మీద నిఘాకు ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే ఏర్పాటు మన రాష్ట్ర పోలీసులు తెచ్చారు, అడిగి చూడండి. ఆపద వేళ నొక్కవలసిన నంబరు 112.

మనవలకు ఈ విద్య మీద నిజంగా మోజు ఉంటే అడ్డుపడకండి. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో రజతం, జట్టుతో స్వర్ణం తెచ్చింది. ఆ పోటీలో వాడేది ఈ .22 రిమ్‌ఫైర్ తూటాయే. అయితే ఆ పిస్తోళ్ళు చవకవి కావు. గుర్తింపు ఉన్న క్లబ్బులో చేర్పించండి, ఎయిర్ పిస్తోలుతో మొదలుపెడతారు.

అమెరికా వెళ్ళేవారికి ఒక్క మాట. అక్కడ తాత్కాలిక వీసా మీద ఉన్నవారు, అంటే విద్యార్థులూ, హెచ్-1 వారూ, చూడటానికి వెళ్ళే మనమూ, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకి కొనడమూ దగ్గర ఉంచుకోవడమూ అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. అబ్బాయి స్నేహితుడు సరదాగా ఇచ్చిన తూటా ఒక్కటి సంచిలో ఉండిపోయినా విమానాశ్రయంలో పట్టుకుంటారు. సర్దేటప్పుడు సంచి అడుగు కూడా దులపండి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. లైసెన్సు రెన్యువల్, వారసత్వపు దరఖాస్తు, ఠాణాలో అప్పగించే అర్జీ, ఈ మూడింటి నమూనాలు నేను తెలుగులో రాసి ఉంచాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం సంఘ కార్యాలయంలో ఉంటాను. కావలసినవారు పాత లైసెన్సు పుస్తకం, ఆధారు జిరాక్సు పట్టుకు రండి. తుపాకి మాత్రం తీసుకురావద్దు. సెలవు.