పాముల గద్ద – ఒక రిమార్కుల కాలమ్ కథ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకన్నా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నాకిచ్చిన పది నిమిషాలూ ఒక పక్షికి కేటాయిస్తున్నాను. దానికి నేను బాకీ పడ్డాను. అదెలాగో చివర్లో మనవి చేస్తాను.

ఆ పక్షి నల్ల పాముల గద్ద. శ్రీశైలం ఘాట్ రోడ్డున వెళ్లినవారు చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. గుళ్ల మీద తిరిగే గరుడ పక్షి వేరు. దానికి తల తెలుపు, ఒళ్లు ఇటుక రంగు. మన పాముల గద్ద ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పొట్టమీద తెల్లటి చుక్కలుంటాయి. ముక్కు మొదట్లోనూ, కంటిదాకానూ పసుపు పచ్చని చర్మం. తల వెనుక నలుపు తెలుపు కలిసిన తురాయి ఉంటుంది. కోపం వస్తే అది విసనకర్రలా విచ్చుకుంటుంది. పైకెగిరినప్పుడు రెక్కల కింద వెడల్పాటి తెల్లపట్టీ కనిపిస్తుంది. అదే దాని గుర్తింపు కార్డు. ఇంగ్లండుకు చెందిన జాన్ లాథమ్ 1790లో దీనికి శాస్త్రీయ నామం పెడుతూ, గద్దను హిందీలో పిలిచే 'చీల్' అనే మాటనే అందులో చేర్చాడు.

దీని ఆఫీసు వేళలు మనవాళ్లకు నచ్చుతాయి. పొద్దున్నే సీటు వదలదు. ఎండెక్కి, నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేచాకే ఆకాశంలోకి వెళుతుంది. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ, ఈలవేసినట్టు సాగదీసి కూస్తుంది. మిగతా సమయమంతా వాగు పక్కన చెట్టుకొమ్మ మీద కదలకుండా కూర్చుని కింద నేలను చూస్తూ ఉంటుంది. పామో, తొండో కదిలితే ఒక్కసారి దిగుతుంది. కప్పలను, పీతలను కూడా వదలదు. కాళ్ల మీద ఈకలుండవు, గట్టి పొలుసులుంటాయి. వేళ్లు పొట్టిగా, బలంగా ఉంటాయి. సన్నటి పాము జారిపోకుండా పట్టేందుకు ఆ పొట్టి వేళ్లే అనుకూలం. విషం దీనికి ఎక్కదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పొలుసులు, ఈకలు, పట్టులోని వేగం, ఇవే దానికి రక్ష.

ఇక అసలు సంగతి. శీతాకాలం చివర జతకట్టి, వేసవి మొదట్లో వాగు ఒడ్డున ఎత్తైన చెట్టు మీద గుడ్డు పెడుతుంది. సాధారణంగా ఒకటే గుడ్డు. ఆడది పొదుగుతుంది, మగది కాపలా కాస్తుంది. పొదగడానికి సుమారు 41 రోజులు, పిల్ల ఎగరడానికి మరో రెండు నెలలు. ఏడాదంతటికీ దక్కేది ఆ ఒక్క పిల్లే.

1981 ఏప్రిల్‌లో నల్లమలలో ఒక రోడ్డు వెడల్పు పనికి కొట్టవలసిన చెట్ల జాబితా రాయడానికి గుమాస్తాగా నన్ను పంపారు. నంబరు, జాతి, చుట్టుకొలత రాసుకుంటూ వాగు దగ్గర ఒక తెల్లమద్ది కిందికి వచ్చాం. వెంట ఉన్న చెంచు పెద్దాయన పైకి చూపించి, "సామీ, పాముల గద్ద గూడు. రెండు నెలలు ఆపితే పిల్ల లేచిపోతాది" అన్నాడు.

మన ఫారాల్లో చివర రిమార్కుల కాలమ్ ఉంటుందని మీకందరికీ తెలుసు. ఆయన చెప్పిన మాట అక్కడ ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఎందుకొచ్చిన గొడవ, మళ్లీ వివరణ అడుగుతారని 'నిల్' అని రాశాను.

బిల్లుల పనిమీద మళ్లీ వెళ్లేసరికి మోడు మిగిలింది. దానిపైన రెండు గద్దలు కూస్తూ తిరుగుతున్నాయి. పెద్దాయన నన్నేమీ అనలేదు. అనివుంటే ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

తరువాత చట్టం తిరగేశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పటికే అమల్లో ఉంది. పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా ఆ చట్టం నిర్వచనంలో వేట కిందికే వస్తుంది. అంటే ఆ రోజు నేను తుపాకీ పట్టకుండానే వేటాడాను.

మిత్రులారా, మనకిప్పుడు వివరణ అడిగే అధికారి లేడు. అర్జీ రాయడం మనకన్నా బాగా ఎవరికి వచ్చు? 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. మీ ఊళ్లో చెట్టుకు గొడ్డలి పడబోతోందని తెలిస్తే, ఒకసారి తలెత్తి కొమ్మల్లోకి చూడండి. గూడుంటే ఆ సంగతి కాగితం మీద పెట్టి, అటవీశాఖ వారికిచ్చి రసీదు తీసుకోండి. మనవళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.

నేను ఖాళీగా వదిలిన కాలమ్‌ను ఈ వయసులో ఇలా నింపుకుంటున్నాను.